ఆదివారం వెలుగు సోమవారం షాపులో ఎందుకు నిలవట్లేదు?

బాబూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హనుమకొండ అవతల ఎరువులు, పురుగుమందుల షాపులో పని. ఇంట్లో భార్య, మూడేళ్ల పాప, అమ్మ. ఆదివారం ఆరాధనలో కళ్లనీళ్లు వస్తాయి, సోమవారం పదింటికల్లా రైతుకు అబద్ధం చెప్పేస్తున్నాను అని రాశావు. "క్రీస్తు వెలుగులో నడవడం అంటే రోజూ ఏం చేయాలి? ఉద్యోగం మానేయాలా? చుట్టూ ఉన్నవాళ్లకు నేను వెలుగుగా ఎలా కనిపించాలి?" అని అడిగావు. నా కొడుకు వయసు నీది, అందుకే నువ్వు అని రాస్తున్నా, ఏమనుకోకు.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే రెండు అడ్తి దుకాణాల్లో కలిపి 31 ఏళ్లు గుమస్తాగా చేశాను. మా సంఘంలో 18 ఏళ్లుగా పెద్దను. పాస్టర్ని కాదు, వేదాంత కళాశాల మెట్లు ఎక్కలేదు. కానీ నువ్వు రోజూ నిలబడే కౌంటర్ లాంటి దాని వెనకాలే నా జీవితమంతా గడిచింది. అందుకే జవాబు రాసే ధైర్యం చేస్తున్నా.

నీ మూడు ప్రశ్నల్లో చివరిదాన్ని కాసేపు పక్కన పెట్టు. వెలుగుగా ఎలా కనిపించాలి అనే ప్రశ్న నన్ను కూడా చాలా ఏళ్లు పట్టుకుంది. సంఘంలో మనకు ఎక్కువగా నేర్పేది కూడా అదే: సాక్ష్యంగా ఉండాలి, నలుగురూ మనల్ని చూసి మెచ్చుకోవాలి. దాంతో ఏమవుతుందంటే, మనం ఎదుటివాళ్ల కళ్లలో ఎలా ఉన్నామో చూసుకోవడం మొదలుపెడతాం. పొద్దున్నే వాక్యం స్టేటస్ పెడతాం, బండి మీద సిలువ స్టిక్కర్ అంటిస్తాం. అవి తప్పు అనట్లేదు. కానీ లోపల దాచిపెట్టింది లోపలే ఉంటుంది.

నా చిన్నప్పుడు మా ఊళ్లో కరెంటు ఉన్నా లేనట్టే. పొద్దుగూకే ముందు మా అమ్మ కందిలి గాజును బూడిద పెట్టి పాత గుడ్డతో తుడిచేది. తుడవకపోతే నిన్నటి మసి ఉండిపోయి దీపం వెలిగినా ఇల్లు చీకటిగానే ఉండేది. మాది పెంకుటిల్లు, తేళ్లు బాగా తిరిగేవి. దీపం వెలిగించగానే మా నాన్న దీపం వైపు చూసేవాడు కాదు. చాప వేసే చోటు, గోడ మూల, నీళ్ల కుండ పక్కన చూసేవాడు. ఏమీ లేదని తేలాకే మమ్మల్ని పడుకోనిచ్చేవాడు. క్రీస్తు వెలుగు అనే మాట విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ మూల. ఆయన వెలుగు ముందుగా మన ఇంట్లో తేలు ఎక్కడుందో మనకే చూపిస్తుంది. నీకు సోమవారం పదింటికి మనసు కలుక్కుమంటోంది కదా, అది వెలుగు ఆరిపోయినందుకు కాదు బాబూ. వెలుగు పడుతోంది కాబట్టే. చీకట్లో ఉన్నవాడికి తేలు కనపడదు. నువ్వు దీన్ని ఓటమి అనుకుంటున్నావు. నాకైతే ప్రభువు నీ షాపులోకి వచ్చి నిలబడ్డాడనే అనిపిస్తోంది.

"నేను లోకమునకు వెలుగును, నన్ను వెంబడించువాడు చీకటిలో నడువక జీవపు వెలుగు గలిగియుండును" అని యోహాను 8:12లో ప్రభువు చెప్పిన మాట మనకు కంఠతా వచ్చు. ఆ మాట ఎక్కడ అన్నాడో చాలామంది చూడరు. ఏడో అధ్యాయంలో పర్ణశాలల పండుగ జరుగుతోంది. 8:20 దగ్గరికి వస్తే, ఆయన కానుకపెట్టె ఉన్నచోట మాట్లాడాడని ఉంది. దేవాలయంలో స్త్రీల ఆవరణలో కానుక పెట్టెలు ఉండేవి. పర్ణశాలల పండుగ రాత్రుల్లో అదే ఆవరణలో పెద్ద పెద్ద బంగారు దీపస్తంభాలు వెలిగించేవాళ్లని యూదు పెద్దల బోధలు కూర్చిన మిష్నా అనే పుస్తకంలో రాసి ఉంది. ఆ వెలుగు పడని వాకిలి యెరూషలేములో ఉండేది కాదట. అందులోనే ఇంకో చిన్న మాట ఉంది, చదివిన రోజు నుంచి నన్ను వదల్లేదు. ఆ దీపాలకు వత్తులు దేనితో చేసేవాళ్లో తెలుసా? యాజకులు కట్టి కట్టి పాతబడిన బట్టలు, నడికట్లు చింపి చేసేవాళ్లు. మా అమ్మ పాత చీర పేలిక చింపి బుడ్డి దీపానికి వత్తి చేసినట్టే. పనిలో నలిగిన బట్ట, చెమట పట్టిన బట్ట, అదే వత్తి అయ్యేది. నీ రోజువారీ పనే, ఆ ఎరువుల వాసన పట్టిన చొక్కాతో చేసే పనే, ఆయన వెలిగించే వత్తి అని నేను నమ్ముతాను. ఆదివారం ఇస్త్రీ చొక్కా ఒక్కటే కాదు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. ఇది చెప్పకుండా నీకు సలహా ఇవ్వడం న్యాయం కాదు.

పెళ్లయిన కొత్తలో, మిర్చి సీజన్. మార్చి నెల. మా అడ్తికి ఒక పెద్దమ్మ 11 బస్తాల మిర్చి తెచ్చింది. భర్త లేడు, కొడుకు రాలేదు, ట్రాక్టర్ మీద తానే కూర్చుని వచ్చింది. దడ్వాయి, అంటే తూకం వేసేవాడు, కాంటా పెట్టాడు, బరువు చెప్పాడు, నేను రాశాను. మా దుకాణంలో సంచి బరువు, దుమ్ము, తేమ అని చెప్పి బస్తాకు కిలోన్నర తరుగు తీయడం అలవాటు. రూలు ప్రకారం అంత తీయకూడదని నాకు తెలుసు. యజమాని చెప్పాడు, నేను రాశాను. తక్‌పట్టీ, అంటే లెక్క రాసిన చీటీ, చేతిలో పెడితే ఆమె దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసింది. చదువు రాదు. "సరిగనే ఉందా బిడ్డా?" అని నన్నే అడిగింది. "సరిగ్గానే ఉందమ్మా" అన్నాను. 16.5 కిలోలు. ఆ సంఖ్య ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

అవి ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలపు నలభై రోజులు. శుక్రవారం కూడికలో పాట ఎత్తాల్సింది నేనే. నోరు తెరిస్తే గొంతు రాలేదు. జలుబు చేసిందని చెప్పి కూర్చున్నాను. అది రెండో అబద్ధం. ఆ రాత్రి నా భార్యకు చెప్పాను. ఆమె నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. "ఆమె ఊరు ఏది?" అని మాత్రం అడిగింది.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక పరకాల బస్సెక్కి, అక్కడి నుంచి ఇంకో బండి పట్టుకుని ఆ ఊరు వెళ్లాను. ఆ 16.5 కిలోలకు ఆ రోజు ధర కట్టి, డబ్బు ఆమె చేతిలో పెట్టి, ఏం చేశానో చెప్పాను. చెప్పేటప్పుడు కాళ్లు వణికాయి. వాకిట్లో మనుషులు ఉన్నారు. ఆమె డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుంది, కొంగున ముడేసుకుంది. నన్ను మెచ్చుకోలేదు, ఏ దేవుడని అడగలేదు. నీళ్లిచ్చింది. నేను లేచేటప్పుడు, "ఇంకెవలెవలకు ఇయ్యాల్నో వాళ్లకు గూడ ఇయ్యి బిడ్డా" అంది.

నేను ఒక్కరికి ఇచ్చి బరువు దింపుకుందామని వెళ్లాను. ఆమె నన్ను మళ్లీ నా చిట్టా దగ్గరికి పంపింది. సుంకం వసూలు చేసే జక్కయ్య ప్రభువును కలిసి మారిన కథ మనకు చిన్నప్పుడే తెలుసు. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకుంటే వాళ్లకు నాలుగింతలు ఇస్తానన్నాడు. ఆ మాట అనడానికి ఆయన మనసులో ఒక పేర్ల జాబితా ఉండి ఉంటుంది కదా అని నాకు ఆ బస్సులో తట్టింది. పాత చిట్టాలు తిరగేసి, నాకు తెలిసినంతవరకు, దొరికినవాళ్లకు మూడేళ్లలో తిరిగి ఇచ్చాను. నాలుగింతలు ఇచ్చే స్తోమత లేదు. కొందరు చనిపోయారు, వాళ్ల పిల్లలకు ఇచ్చాను. కొందరి జాడే దొరకలేదు.

మరి ఉద్యోగం? యజమానికి చెప్పాను, తరుగు నేను రాయను అని. ఆయన కోప్పడలేదు, నవ్వాడు. కాంటా పని నుంచి తీసేసి ఉత్తరాలు, బ్యాంకు పని ఇచ్చాడు. సీజన్‌లో వచ్చే పై డబ్బు పోయింది. రెండు సంవత్సరాలు ఇంట్లో ఇబ్బంది పడ్డాం, నా భార్య కుట్టు మిషన్ పెట్టుకుంది. తర్వాత వేరే దుకాణానికి మారాను. నిజాయితీగా ఉంటే దేవుడు వెంటనే ప్రమోషన్ ఇస్తాడని సాక్ష్యాలు వింటూ ఉంటాం. నా విషయంలో అలా జరగలేదు, అబద్ధం చెప్పలేను. శుక్రవారం కూడికలో పాట మాత్రం మళ్లీ ఎత్తగలిగాను.

"దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అని సామెతలు 11:1 చెప్తుంది. నేను ఆ వాక్యాన్ని సండే స్కూల్లో బహుమతి కోసం బట్టీపట్టాను. అది నా చేతిలో ఉన్న కాంటా గురించే అని అర్థం కావడానికి 20 ఏళ్లు పట్టింది.

ఇక నీ షాపు. నువ్వు రాసిన వాటిలో మూడు ఉన్నాయి. యూరియా కావాలంటే ఇంకో మందు కూడా కొనాలని లింకు పెట్టడం, గడువు దగ్గరపడ్డ డబ్బాలను ముందు అంటగట్టడం, తెగులు ఏమిటో తెలియకపోయినా "ఇది కొట్టండి, తగ్గిపోతుంది" అనడం. ఈ మూడూ ఒకే బరువు కాదు, మూడింటికీ ఒకే రోజు యుద్ధం చేయనక్కర్లేదు.

మూడోది నీ నోటిలో ఉంది. దాన్ని రేపే ఆపేయొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. "నాకు సరిగ్గా తెలియదు అన్నా, ఆ ఆకు తీసుకుని మీ వ్యవసాయ విస్తరణ అధికారికి, ఏఈఓకు చూపించండి, రైతు వేదిక దగ్గర ఉంటారు" అని చెప్పు. ఒక బేరం పోవచ్చు. కానీ దీన్ని చిన్న విషయం అనుకోకు. నువ్వు అప్పటికి పుట్టి కూడా ఉండవు, 1997-98లో మన వరంగల్ జిల్లాలో పత్తిని లద్దె పురుగు తినేసింది. రైతులు అప్పు చేసి మందు మీద మందు కొట్టారు. కొన్ని మందులు నకిలీవి, కొన్ని ఆ పురుగు మీద పనిచేయనివి. చాలాచోట్ల ఆ మందు అమ్మిన షాపే అప్పు ఇచ్చేది, ఏ మందు కొట్టాలో కూడా ఆ షాపే చెప్పేది. పంట పోయింది, అప్పు మిగిలింది. ఎంతోమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజుల్లో మార్కెట్‌కు వచ్చే మొహాలు నేను చూశాను. కిందటి ఏడు వచ్చిన మనిషి ఈ ఏడు రాకపోతే ఎందుకు రాలేదని అడగడానికి భయం వేసేది. కౌంటర్ వెనక నిలబడ్డ కుర్రాడి నోటి మాటను నమ్మి రైతు ఇంటికి పోతాడు. నీ మాటకు అంత బరువు ఉంది.

లింకు సంగతి నీ ఓనర్ చేతిలో ఉంది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. ఆ ధరకు మించి తీసుకోకూడదు, దానికి ఇంకోటి ముడిపెట్టి అమ్మకూడదు. అధికారులు పట్టుకుంటే లైసెన్సుకే ముప్పు. కాబట్టి నువ్వు ఓనర్‌తో మాట్లాడేటప్పుడు నీ భక్తిని ముందు పెట్టకు, ఆయన మేలు కూడా కలిసేలా మాట్లాడు. దానియేలు మొదటి అధ్యాయం ఇంకోసారి చదువు. రాజు భోజనం తినకూడదని దానియేలు మనసులో గట్టిగా అనుకున్నాడు. కానీ గిన్నె విసిరికొట్టలేదు. పైవాడిని మర్యాదగా అడిగాడు. ఆ అధికారికి తన ప్రాణభయం ఉందని అర్థం చేసుకుని, పది దినాలు పరీక్షించి చూడండి అన్నాడు. నువ్వు కూడా అలాగే, షాపు మూసే వేళ, వేరే ఎవరూ లేనప్పుడు, "సార్, లింకు మాట నేను చెప్పలేకపోతున్నా. రైతుకు బిల్లు ఇచ్చి, కావాల్సిందే ఇచ్చి పంపిద్దాం, ఒక పది రోజులు చూడండి. కుదరదంటే నన్ను గోదాము పనికి పెట్టండి" అని అడుగు. ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఏం చేయాలో ముందుగానే నీ భార్యతో మాట్లాడి పెట్టుకో. రెండు మూడు నెలల సరుకులకు, అద్దెకు సరిపడా చేతిలో ఉందా, వేరే పని ఎక్కడ చూడొచ్చు అని ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. విశ్వాసం ఉన్నవాడు లెక్క వేసుకోకూడదని ఎవరైనా అంటే నమ్మకు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు. రేపే రాజీనామా ఇచ్చి ఎల్లుండి అమ్మ మందులకు అప్పు చేయమని నేను చెప్పను. కానీ అక్కడే ఉండిపోయి, మనసు మొద్దుబారే దాకా ఆగమని కూడా చెప్పను. మనసు మొద్దుబారడం చాలా త్వరగా జరుగుతుంది. నాకు మూడు సీజన్లు పట్టింది అంతే.

గడువు అయిపోయిన డబ్బా అమ్మమంటే మాత్రం అమ్మకు. దాంట్లో పది రోజుల మాట లేదు.

ఇల్లు. నీ ఉత్తరంలో దీనికి ఒక్క వాక్యమే ఇచ్చావు: "ఇంటికి వెళ్లాక చిరాకు పడుతున్నాను, అది వేరే విషయం." అది వేరే విషయం కాదు బాబూ. మత్తయి 5లో ప్రభువు అన్నది చూడు. మనుష్యులు దీపం వెలిగించి కుంచం కింద పెట్టరు, "అది యింటనుండు వారికందరికి వెలుగిచ్చుటకై దీపస్తంభముమీదనే పెట్టుదురు." కొండ మీది పట్టణం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను, ఇంట్లో ఉండేవాళ్ల గురించి చాలా తక్కువ విన్నాను. ఆ కాలంలో పేదవాళ్ల ఇల్లంటే చాలావరకు ఒకటే గది, దానికి ఒకటే దీపం. దీపం సరిగ్గా లేకపోతే ముందు తెలిసేది ఆ గదిలో ఉన్నవాళ్లకే.

మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ల సండే స్కూలు టీచర్ అడిగిందట, మీ ఇంట్లో అందరికంటే ప్రార్థనాపరులు ఎవరు అని. "అమ్మ" అంది. మరి నాన్న పెద్ద కదా అంటే, "నాన్న చర్చిలో మాట్లాడినట్టు ఇంట్లో మాట్లాడడు" అందట. టీచర్ నాకు నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేకపోయాను. దుకాణంలో యజమాని మీద చూపలేని కోపం ఇంటికి తెచ్చి అన్నం గిన్నె మీద, పిల్లల చదువుల మీద చూపేవాణ్ణి. దాన్ని మార్చుకోవడానికి నాకు తరుగు మానడం కంటే ఎక్కువ కాలం పట్టింది. నాకు పనికొచ్చింది రెండే. ఒకటి, ఇంటి సందు మలుపు దగ్గర వేపచెట్టు ఉండేది, అక్కడ సైకిల్ ఆపి రెండు నిమిషాలు నిలబడి ఆ రోజు కోపాన్ని పేరు పెట్టి ప్రభువుకు చెప్పేవాణ్ణి. "ఫలానా మాటకు మండింది" అని. రెండోది, అరిచిన రోజు పిల్లల ముందే క్షమించమని అడిగేవాణ్ణి. మొదటిసారి అడిగినప్పుడు మా చిన్నవాడు భయపడ్డాడు, నాన్నకు ఏమైందోనని. తండ్రి తప్పు ఒప్పుకోవడం వాడు చూడలేదు కదా. నీ పాపకు మూడేళ్లే, నీకు చాలా టైమ్ ఉంది.

రాత్రి ప్రార్థన గురించి కూడా ఒక మాట. గుమస్తాగా నేను రోజూ సాయంత్రం చిట్టా మూసేవాణ్ణి. ఆ రోజు వచ్చింది, పోయింది సరిచూసి, తేడా ఉంటే ఆ రాత్రే వెతికేవాణ్ణి. మర్నాటికి వదిలేస్తే తేడా మీద తేడా పడి ఆవర్జా, అంటే ఖాతా పుస్తకం, మొత్తం పాడవుతుంది. పెద్దమ్మ ఊరి నుంచి వచ్చాక, పడుకునే ముందు పది నిమిషాలు నా రోజును కూడా అలాగే ప్రభువు ముందు పరచడం మొదలుపెట్టాను. పొద్దున లేచినప్పటి నుంచి ఎవరిని కలిశాను, ఏం మాట్లాడాను అని వరసగా. ఎక్కడో ఒక మొహం దగ్గర మనసు ఆగిపోతుంది. అక్కడే ఆగాలి. నన్ను పరిశోధించు, నా హృదయాన్ని తెలుసుకో అని 139వ కీర్తన చివర్లో దావీదు అడిగింది అదే. తప్పు కనపడితే ఒప్పుకోవడం, మర్నాడు ఎవరిని కలిసి సరిచేయాలో అనుకోవడం. మంచి జరిగితే కృతజ్ఞత. అంతే, పెద్ద మాటలేమీ ఉండవు. ఒక్కోరోజు నిద్రపోయేవాణ్ణి కూడా. ఫోన్ వేరే గదిలో పెట్టు, అది ఉంటే ఈ పది నిమిషాలు దొరకవు.

ఇక్కడ నీకొక హెచ్చరిక. నువ్వు సున్నితమైన మనసున్నవాడివి, నీ రాతలోనే తెలుస్తోంది. ఇలాంటివాళ్లు రోజూ తమ తప్పులే వెతుక్కుని కుంగిపోతారు. ఎఫెసీ 5:8లో పౌలు ఏమన్నాడు? "మీరు పూర్వమందు చీకటియై యుంటిరి, ఇప్పుడైతే ప్రభువునందు వెలుగైయున్నారు." వెలుగు అవ్వడానికి ప్రయత్నించండి అనలేదు, అయి ఉన్నారు అన్నాడు. ఆ తర్వాతే అలా నడుచుకోండి అన్నాడు. కందిలి గాజును తుడవడం మా అమ్మ పని. మంట గాజులోంచి పుట్టదు. నువ్వు మెదక్ కెథెడ్రల్ ఎప్పుడైనా వెళ్లావో లేదో. మిషనరీ పోస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని కట్టించడం మొదలుపెట్టి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన గుడి. దాని రంగు అద్దాల కిటికీల్లో ప్రభువు పుట్టుక, సిలువ, ఆరోహణం ఉంటాయి. పగలు లోపల నిలబడి చూస్తే కళ్లు తిప్పుకోలేం. పొద్దుగూకిందా, అవే అద్దాలు నల్లగా అయిపోతాయి, బొమ్మ కనపడదు. లోపల ఎన్ని లైట్లు వేసినా రాదు. బయటి ఎండ దాంట్లోంచి రావాల్సిందే. నేను కుంగిపోయిన ఒక ఏడాది మా సంఘంతో అక్కడికి వెళ్లాను. ఆ కిటికీ కింద చాలాసేపు కూర్చున్నాను. అద్దం తనంతట తాను వెలగాలని నేను ఇన్నాళ్లూ దాన్ని తిడుతున్నానా అనిపించింది.

అందుకే ఒంటరిగా ఈ పని చేయకు. యోహాను తన మొదటి పత్రిక 1:7లో, వెలుగులో నడిస్తే అన్యోన్య సహవాసం గలవారమై ఉంటాం అన్నాడు. నేనైతే వెలుగులో నడిస్తే దేవునితో సహవాసం అని రాస్తాడేమో అనుకునేవాణ్ణి. ఒకరితో ఒకరికి సహవాసం అన్నాడు. దాచుకునేవాడికి నిజమైన స్నేహితుడు ఉండడు, ఎందుకంటే ఆ స్నేహితుడు ప్రేమించేది వేషాన్నే. మీ సంఘంలో విన్నది బయట చెప్పనివాడు, వయసులో కాస్త పెద్దవాడు, వ్యాపారమో ఉద్యోగమో చేసి కష్టం తెలిసినవాడు ఒక్కరిని చూసుకో. నెలకు రెండుసార్లు టీ తాగుతూ ఉన్నది ఉన్నట్టు చెప్పుకో. సాక్ష్యం పేరుతో మైకులో చెప్పకు, గ్రూపులో పెట్టకు. నీ ఓనర్ పరువు కూడా నీ చేతిలో ఉందని మర్చిపోకు.

ఇప్పుడు నువ్వు అడిగిన చివరి ప్రశ్నకు వస్తాను, చుట్టూ ఉన్నవాళ్ల సంగతి. రాత్రి పొలం గట్ల మీద నడిచేవాడు టార్చ్‌ను కాళ్ల ముందు వేసుకుంటాడు, పాములుంటాయని. ఎదురొచ్చేవాడి మొహం మీద వేస్తే వాడికి ఏమీ కనపడదు, కోపం వస్తుంది. "నీ వాక్యము నా పాదములకు దీపమును" అని కీర్తన. మీ వీధిలో బతుకమ్మ ఆడతారు, రంజాన్‌కు పక్కింటివాళ్లు సేమ్యా పంపుతారు, మేడారం జాతరకు పోయివచ్చి బంగారం, అంటే బెల్లం, పంచుతారు. వాళ్ల విశ్వాసం గురించి ఎగతాళిగా ఒక్క మాట కూడా నీ నోట రాకూడదు. నీ మనస్సాక్షి ఒప్పుకోనిది ఉంటే నవ్వుతూ మర్యాదగా చెప్పు. ఇరుగుపొరుగుతో ఉన్న ప్రేమ నిజమైతే వాళ్లు అర్థం చేసుకుంటారు. ఆస్పత్రికి తోడు వెళ్లు, చావు ఇంటికి ముందు వెళ్లు.

కాజీపేట నుంచి విజయవాడ లైన్లో పోతే డోర్నకల్ వస్తుంది కదా. అక్కడి కెథెడ్రల్‌కు ఎపిఫనీ అని పేరు, అంటే ప్రభువు వెలుగు అన్యజనులకు ప్రత్యక్షమైన పండుగ. 1939లో ప్రతిష్ఠించారు. హిందూ గుడి పోకడా మసీదు పోకడా కలిపి, ఈ నేల మీద పుట్టినట్టుగా కట్టారు. దాన్ని కట్టించిన వి.ఎస్. అజరయ్య 1912లో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన రోజుల్లో ఆ చుట్టుపక్కల పల్లెల్లో మాల, మాదిగ క్రైస్తవుల జీవితాల్లో వచ్చిన మార్పు చూసి, వాళ్లను ఊరి బయట పెట్టిన కులాలవాళ్లే ప్రభువు దగ్గరికి వచ్చారు. చదువు లేదు, భూమి లేదు, మైకు లేదు. వాళ్ల బతుకే ఊరికి కనపడింది. మన తాతల కథ ఇది. అలాంటి వెలుగు పుట్టిన చోట ఇవాళ మనలోనే కులం చూసి సంబంధాలు కలుపుకోవడం, కట్నాన్ని కానుక అని పేరు మార్చి తీసుకోవడం చూస్తే నాకు చాలా బాధ. నీకు చెల్లెలు ఉందో తమ్ముడు ఉన్నాడో తెలియదు. ఉంటే ఆ రోజు వచ్చినప్పుడు ఇంట్లో నోరు తెరువు.

నీ షాపులో హమాలీ పనిచేస్తాడని రాశావు, పేరు రాయలేదు. అతనికి రోజూ సాయంత్రం కూలి సరిగ్గా అందుతుందో లేదో చూడు. నీ చేతి మీదుగా పోయేదైతే ఒక్క రోజు కూడా ఆపకు.

ఈ వారం పని ఇది. రేపు రైతుతో "నాకు తెలియదు" అనే మాట ఒక్కసారైనా చెప్పు. ఇవాళ రాత్రి భార్యతో కూర్చుని షాపు సంగతంతా చెప్పు, ఆమెకు ఇంతవరకు చెప్పలేదని నాకు అనుమానం. ఓనర్‌తో మాట శనివారం దాకా ఆగు, ఈలోగా ఆయన కోసం రోజూ ప్రార్థన చెయ్యి, ఆయన మీద కోపం పోయాకే మాట్లాడు. నేను శుక్రవారం కూడికలో నీ పేరు చెప్పకుండా, "ఒక తమ్ముడు కౌంటర్ దగ్గర ఉన్నాడు" అని మాత్రం ప్రార్థన అడుగుతాను. నీ ఓనర్ ఏమన్నాడో నాకు రాయి.